తెల్ల చీటీ, గులాబీ చీటీ

2019 ఏప్రిల్ 11న శ్రీకాకుళం జిల్లా ఓటరు ఒకే గదిలో రెండు మీటలు నొక్కాడు. మే 23న లెక్కపెడితే ఆ రెండూ రెండు దారులు పట్టాయని తేలింది. శ్రీకాకుళం లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఐదు వైసీపీకి వెళ్లాయి. పలాస ఆ ఐదింట్లో ఒకటి. ఇచ్ఛాపురం, టెక్కలి తెలుగుదేశానికి మిగిలాయి. ఎంపీ సీటు మాత్రం తెలుగుదేశం అభ్యర్థి కింజరాపు రామ్మోహన్ నాయుడికి 6,653 ఓట్ల తేడాతో దక్కింది. 151 అసెంబ్లీ సీట్లు, 22 లోక్‌సభ సీట్లు ఒకే పార్టీ ఊడ్చుకుపోయిన ఏడాది అది. అంత గాలిలోనూ ఇక్కడ వేలమంది ఒక యంత్రం దగ్గర ఒక గుర్తు, రెండో యంత్రం దగ్గర ఇంకో గుర్తు చూసుకున్నారు. టీవీలవాళ్లు దీన్ని క్రాస్ ఓటింగ్ అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ ఒక్క మాట నాకు చాలలేదు. ఓటు ఎలా వెయ్యాలన్న ప్రశ్నను మన రాష్ట్రంలో అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎవరైనా ఆలోచించారంటే ఈ ఓటర్లే అని నా నమ్మకం.

ఈ కింది సంవాదం మాత్రం ఆ తర్వాతి ఎన్నికది. కాలం 2024 మే రెండో వారం. 13వ తేదీ సోమవారం పోలింగ్. చోటు ఉద్దానం ప్రాంతంలో, వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరు. అత్త రోజూ పలాస వెళ్లి ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు ఒలుస్తుంది. ఆమె భర్తకు వారానికి మూడుసార్లు డయాలసిస్. అల్లుడు ఆమె అన్న కొడుకు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మనుషులను నేను కల్పించాను. వాళ్ల నోట వచ్చే ఏళ్లూ అంకెలూ కల్పించినవి కావు.

అత్త: బస్సు చార్జీ ఎవులిచ్చినారు? నిజం సెప్పు అల్లుడూ.

అల్లుడు: నా జేబులోదే అత్తా. పార్టీవాళ్లు బస్సు పెట్టారు, ఎక్కమన్నారు. ఎక్కలేదు. వాళ్ల బస్సులో వచ్చి వాళ్లకి వెయ్యకపోతే మొహం చెల్లదు.

అత్త: అంటే ఆల్లకి ఎయ్యవు. మరి ఎదటోల్లకి ఏస్తావా?

అల్లుడు: వాళ్లకీ వెయ్యను. మూడో మనిషికి. సోంపేట బీల, కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలల కోసం జెండా పట్టుకుని నిలబడినవాళ్లలో ఒకాయన ఉన్నాడు. చిన్న పార్టీ. రెండు ఓట్లూ వాళ్లకే. గెలవరని నాకూ తెలుసు.

అత్త: తెలిసీ ఏస్తావా! రాత్రంతా కూకొని వొచ్చి, ఎండలో లైన్లో నిలబడి, గెలవనోడికి ఏసి ఎల్లిపోతావా? దానికన్నా అక్కడే పడుకోరాదా?

అల్లుడు: పడుకుంటే నేనేమనుకుంటున్నానో ఎవరికీ తెలీదు. వేస్తే ఒక్క ఓటైనా లెక్కలో కనబడుతుంది. ఓటంటే నా మాట అత్తా. నాకు నచ్చని ఇద్దరిలో ఒకడి పేరు నా నోటితో ఎందుకు చెప్పాలి?

అత్త: మాట సెప్పడానికి నోరుంది, మైకుంది, సెల్లుంది. ఓటు మాట కాదు బావూ, పని. ఎంతమంది నిలబడినా ఆకరికి ఒక్కడే గెలుస్తాడు. ఆ ఒక్కడు ఇతనా అతనా అని తేల్చే పని. నీకు ఇద్దరూ నచ్చకపోయినా ఆ ఇద్దరిలో ఒకడు నీ మీద అయిదేళ్లు ఉంటాడు. ఎవుడుంటే నీకు తక్కువ నష్టమో అది సూసుకోవా?

అల్లుడు: ఎప్పుడూ తక్కువ నష్టమే చూసుకుంటూ పోతే మంచిది ఎప్పుడొస్తుంది? ప్రతిసారీ "ఈ ఒక్కసారికి" అంటారు. నా చిన్నప్పటి నుంచి ఆ ఒక్కసారి అయిపోవడం నేను చూళ్లేదు.

అత్త: 2009 నాకు బాగా గేపకం. చిరంజీవి పార్టీ వొచ్చినాది. మన వీధిలో కుర్రోల్లందరూ దాని ఎనకాలే. ఎర్రన్నాయుడు అంతకుముందు నాలుగుసార్లు వరసగా ఎంపీ అయిన మనిషి, ఓడిపోనాడు. కిల్లి కృపారాణి ఎనబై ఏల పైసిలుకు మెజార్టీతో గెలిసినారు. మూడో పార్టీకి పడ్డ ఓట్లు ఆ తేడా కన్నా ఎక్కువ. అది సీలిపోయిన ఓటు కాదేటి?

అల్లుడు: చీలిందంటే ముందు ఒకరిదై ఉండాలిగా. ప్రజారాజ్యానికి వేసినవాళ్లలో కాంగ్రెస్‌కి వెయ్యాల్సినవాళ్లుంటారు. ఆ పార్టీ లేకపోతే బూతుకే రానివాళ్లుంటారు. వాళ్లందరినీ తెలుగుదేశం వాళ్ల ఇంటి మనుషులని లెక్క కట్టి, తప్పిపోయారని తిడతారేంటి? అమెరికాలో 2000లో ఇదే గొడవ. ఫ్లోరిడాలో బుష్ 537 ఓట్లతో గెలిచాడు. మూడో అభ్యర్థి నేడర్‌కి 97 వేలు వచ్చాయి. ఇన్నేళ్లయినా అక్కడ నేడర్‌నే తిడుతున్నారు. ఓడిన పెద్ద పార్టీ ఆ 97 వేలమందికి ఎందుకు నచ్చలేదో అడిగేవాళ్లు తక్కువ.

అత్త: అమెరికా సంగతి నాకెందుకు. మన సంగతి సెప్తాను. కాంగ్రెస్ వొద్దని చిరంజీవికి ఏసినోల్లు మన ఊల్లోనే ఉన్నారు కదా. 2011లో ఆ పార్టీ పోయి కాంగ్రెస్‌లోనే కలిసిపోనాది. ఆల్ల మాట ఏటైనాది?

అల్లుడు: అది నిజంగా తగిలే దెబ్బే, ఒప్పుకుంటాను. కానీ పెద్ద పార్టీకి వేసినా అంతేగా. 2014లో వైసీపీ గుర్తు మీద గెలిచిన 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లిపోయారు. పక్కనున్న పాతపట్నం ఎమ్మెల్యే కూడా అందులోవాడే. చిన్న పార్టీకి వేస్తే కలిపేస్తారని నాకు చెబుతున్నావు, పెద్ద పార్టీకి వేసినవాళ్ల ఓటు ఎక్కడ నిలిచింది?

ఇక్కడ అల్లుడి వైపే నేను. ఓటు చీలడం అనే మాట మన రాజకీయాల్లో బెదిరింపులా తయారయింది. 2022 మార్చిలో ఇప్పటం సభలో జనసేన అధినేత పవన్ కల్యాణ్ ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీలనివ్వనని ప్రకటించిన దగ్గర్నుంచి రెండేళ్లు రాష్ట్రమంతా ఆ లెక్క చుట్టూనే తిరిగింది. చివరికి పొత్తు గుర్తుల దాకా వచ్చింది. జనసేన పోటీలో లేని చోట్ల ఆ పార్టీ గాజుగ్లాసు గుర్తును స్వతంత్రులకు ఇవ్వడంతో కూటమి హైకోర్టు మెట్లెక్కింది. నాయకులు తమ లెక్క తాము వేసుకోవచ్చు, తప్పులేదు. కానీ సీట్లు పంచుకున్నంత తేలిగ్గా ఓటర్లను పంచుకోలేరు. చీలికకు బాధ్యత ఓటరు మీద నెట్టడం అన్యాయం.

అత్త: నువ్వు అనుకుంటున్నావు, అత్తకి ఎర్రజెండాలోల్లంటే గిట్టదని. మా నాయిన బొడ్డపాడు మీటింగులకి నడిసి ఎల్లేవోడు. పంచాది కృష్ణమూర్తి పేరెత్తితే సేతిలో ముద్ద ఒగ్గేసేవోడు. ఆ పాటలు వినే పెరిగినాను. నా మనసుకి నచ్చినోడు ఎవుడని అడిగితే నీ మనిసే. అయినా ఎయ్యను. 2019లోనూ ఎయ్యలేదు.

అల్లుడు: మరి ఎవరికి వేశావు?

అత్త: ఎవులికీ సెప్పలేదు, నీకు సెప్తాను. ఎమ్మెల్యే గులాబీ చీటీ ఒకలికి, ఎంపీ తెల్ల చీటీ ఒకలికి. ముందటి ఏడాది అక్టోబర్ 11న తిత్లీ తుపాను వొచ్చినాది. తెల్లారేసరికి మీ మావ కొబ్బరి తోటలో నిలబడి సూస్తే సముద్రం కనపడినాది, మద్దెన ఒక్క సెట్టు నేదు. జీడి మానులు ఏర్లతో సహా పడిపోనాయి. కొబ్బరి సెట్టు మల్లీ కాపుకి రావాలంటే ఎన్నేల్లో నీకు తెలుసు కదా. సర్కారు సెట్టుకి 1,500 అన్నాది. జగన్ మూడేలు ఇస్తానన్నాడు. నష్టం కట్టేది రాష్ట్రం, పింఛనిచ్చేది రాష్ట్రం, ఆసుపత్రి కట్టేది రాష్ట్రం. అందుకని గులాబీ చీటీ అటు. ఎంపీ దగ్గిర ఆ పన్నేటీ నేవు. ఢిల్లీలో లేచి నిలబడి మన గురించి అడిగేవోడు కావాల. ఆ కుర్రోడు అడగడం టీవీలో సూసినాను. తెల్ల చీటీ ఇటు.

అల్లుడు: అయితే అది ఎత్తుగడ కాదు అత్తా. ఏ పనికి ఎవరు నచ్చితే వాళ్లకి వేశావు. నేను చేసేదీ అదే.

అత్త: కాదు. నాకు నచ్చినోడు రెండు చీటీల్లోనూ ఉన్నాడు, రెండుసార్లూ ఆడిని దాటిపోనాను. గెలిసే వీలున్న ఇద్దరిలోనే ఎతికినాను. దాటిపోయినపుడు ఎలాగుంటాదో నీకు తెలీదు. ఏలు ఆ మీట కాడికి ఎల్లి ఎనక్కి వొచ్చినాది.

ఫ్రాన్స్‌లో అధ్యక్ష ఎన్నిక రెండు విడతలు. మొదటి ఆదివారం మనసుకు నచ్చినవాడికి వేసుకోవచ్చు. అందులో ఎవరికీ సగం దాటి రాకపోతే, రెండు వారాల తర్వాత మిగిలిన ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాలి. మనకు ఆ వెసులుబాటు లేదు. ఒకే విడత, ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే సీటు. అయితే 1999 నుంచి మన రాష్ట్రంలో లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకే రోజు పోలింగ్ జరుగుతోంది కనుక, ఓటరు చేతికి ఒకే పూట రెండు ఓట్లు వస్తున్నాయి. జమిలి ఎన్నికలైతే జనం రెండూ ఒకే పార్టీకి గుద్దేస్తారని పండితులు అంటారు. చాలాచోట్ల నిజమే. కానీ 2019లో శ్రీకాకుళం గుద్దలేదు. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశా కూడా గుద్దలేదు. అక్కడ అసెంబ్లీలో అప్పుడు పోలింగ్ జరిగిన 146కి 112 ఇచ్చి బిజూ జనతాదళ్‌ను నెత్తిన పెట్టుకున్న జనమే, లోక్‌సభలో ఆ పార్టీకి 21కి 12 ఇచ్చి సరిపెట్టారు. చదువుతో, టీవీ చర్చలతో వచ్చిన తెలివి కాదది. ఏ సర్కారు ఏ పని చేస్తుందో కష్టం వచ్చినప్పుడు తెలిసినవాళ్ల తెలివి.

అల్లుడు: నీ లెక్కలో ఒక చిక్కుంది. ఎవరు మొదట, ఎవరు రెండు అని ముందే తెలియాలి. నీకు ఎవరు చెబుతారు? పోలింగ్ అయిపోయేదాకా ఎగ్జిట్ పోల్ చెప్పకూడదని చట్టముంది. వాట్సాప్‌లో వచ్చే సర్వేలన్నీ ఎవరికి వాళ్లు వండుకున్నవే. మనవాడే గెలుస్తున్నాడని ఇద్దరూ చెబుతారు. గెలిచేవాడికి వేద్దామని జనం అనుకుంటారని తెలిసే, గెలుస్తున్నామన్న మాటకి అంత ఖర్చు పెడతారు. వాళ్లు పుట్టించిన మాట నమ్మి, నా తెలివితో వేశానని నువ్వు అనుకుంటున్నావు.

అత్త: నాను వాట్సాప్ సూడను. ఫ్యాక్టరీలో పప్పు ఒలిసే ఆడోల్లం వరసగా కూకుంటాం. మందస నుంచి వొచ్చేవోల్లు, కాశీబుగ్గవోల్లు, సముద్రం ఒడ్డు ఊల్లవోల్లు. జీడి రసానికి ఏళ్ల తోలు నల్లబడి ఊడిపోతుంటాది, బూడిద రాసుకుంటూ ఒలుస్తాం. నిండు పప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, నూక ఒక పక్క. సేతులు ఆగవు, నోరూ ఆగదు. ఎవులింట్లో ఏటనుకుంటున్నారో నెల్లాల్లు వింటే, ఏ ఊరు ఎటు ఉన్నాదో నీ సర్వే కన్నా నాకు బాగా తెలుస్తాది.

అల్లుడు: ఒక నియోజకవర్గం సంగతి తెలుస్తుందేమో. పలాస వరకు. ఎంపీకి ఏడు నియోజకవర్గాలు. ఆమదాలవలసలో ఏం అనుకుంటున్నారో నీ వరసలో ఎవరికి తెలుసు?

అత్త: అది నిజమే. ఎంపీది నాకు పూరాగా తెలీదు.

అల్లుడు: ఇంకో సంగతి. 2019లో ఇక్కడ ఎంపీకి నోటా మీద పడ్డ ఓట్లు 6,653 కన్నా చాలా ఎక్కువ. ఎవరూ వద్దన్నవాళ్లే గెలుపోటముల తేడా కన్నా ఎక్కువమంది. వాళ్లు లెక్కలో లేరంటావా?

అత్త: లెక్కలో ఉన్నారు, ఫలితంలో నేరు. నోటాకి ఎన్ని పడినా ఆ తరవాత ఉన్నోడే గెలుస్తాడు కదా. ఆల్లలో ఏడేలమంది ఓడినోడికి ఏసుంటే ఎంపీ మారిపోను. ఆ బలం సేతిలో పెట్టుకొని వాడలేదు, అంతే.

అల్లుడు: నోటా నేనూ వెయ్యను. నేను పేరున్న మనిషికి వేస్తున్నాను. మన బూతులో ఆయనకి ముప్ఫై పడ్డాయంటే అది ఫారం 20లో బూతు వారీగా అచ్చవుతుంది. రేపు ఏ పార్టీ అయినా ఆ కాగితం చూస్తుంది. ఈ ఊళ్లో ముప్ఫైమంది భూముల సంగతి పట్టించుకుంటారని వాళ్లకి తెలుస్తుంది. నువ్వు పెద్ద పార్టీకి వేసిన ఓటు మీద నీ పేరుండదు, నీ కారణమూ ఉండదు. వాడు నీ ఓటు చూసి తన మీద ప్రేమే అనుకుంటాడు.

అత్త: ఆ కాయితం నువ్వు అనుకున్నోల్లే సూస్తారేటి? మన వీధి బూతులో ఎవులికెన్నో లెక్క తేలిన సాయంత్రానికే ఊరందరికీ తెలిసిపోతాది. తక్కువ పడ్డ వీధికి సిమెంటు రోడ్డు రాదు, కుళాయి రాదు. ఆ ముప్ఫైమంది ఎవులెవులో ఏళ్లు మడిసి సెప్పేస్తారు. మీ మావకి పింఛను రావాల. నువ్వు హైదరాబాద్ ఎల్లిపోతావు.

ఆమె భయం కొట్టిపారేసేది కాదు. బ్యాలెట్ కాగితాల కాలంలో అవసరమైన చోట అన్ని బూతుల చీటీలూ డ్రమ్ములో కలిపి లెక్కపెట్టే వీలుండేది. ఈవీఎం వచ్చాక ఏ యంత్రానికి ఆ లెక్క విడిగా వస్తోంది. కొన్ని బూతుల లెక్క కలిపి ఒకేసారి చూపించే టోటలైజర్ పరికరం పెట్టాలని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా పెట్టమంది. కేంద్రం ఒప్పుకోలేదు. వేసిన మనిషి ఎవరో రహస్యమే, కానీ వేసిన వీధి రహస్యం కాదు. నాలుగైదు వందల గడపలున్న ఊళ్లో ఈ రెంటికీ తేడా ఎంత సన్ననిదో పట్నంలో ఉన్నవాళ్లకు తెలియదు. అల్లుడికి కూడా అంతసేపూ తెలియలేదు. నియోజకవర్గంలో ఏ పక్షం ముందుందో, ఏ బూతు ఎటు మొగ్గిందో ఇంత దగ్గరగా చూపించే దేశంలో, ఇష్టం వచ్చినట్టు వేసుకోండి అని పేదవాడికి నీతి చెప్పేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

అల్లుడు: భయపడి వేసేదాన్ని ఎత్తుగడ అనకు అత్తా. అది లొంగిపోవడం.

అత్త: భయం కొంత, తెలివి కొంత. రెండూ కలిసే ఉంటాయి పేదోల్లకి. పలాస సీటు పుట్టినాది 2009లో. అప్పుడు కాంగ్రెస్. 2014లో తెలుగుదేశం, గౌతు శివాజీ. 2019లో వైసీపీ, అప్పలరాజు డాక్టరు. పెతీసారీ మార్సినాం. మనం మారుస్తామని ఆల్లకి తెలుసు కాబట్టే మన కాడికి వొస్తారు. కిడ్నీ జబ్బు ఎన్నేల్లుగా ఉన్నాది? కవిటిలో, వజ్రపుకొత్తూరులో మనుసులు రాలిపోతుంటే ఎవుడు సూసినాడు? పవన్ కల్యాణ్ 2017లో ఇచ్ఛాపురం వొచ్చినాడు. తరవాత తెలుగుదేశమోల్లు డయాలసిస్ మిసన్లు పెంచినారు, 2,500 పింఛనిచ్చినారు. వైసీపీవోల్లొచ్చి పదేలు సేసినారు. పోయిన డిసెంబర్లో పలాసలో రెండొందల మంచాల ఆసుపత్రి తెరిసినారు, హిరమండలం నుంచి నీల్లు తెచ్చినారు. ఇద్దరూ పోటీ పడి సేసినారంటే మన ఓటు ఎటైనా ఎల్తాదనే కదా. మీ మనిసికే కట్టుబడి ఉన్న ఊరైతే, ఈ ఊరు ఎలాగూ మనది కాదని ఇద్దరూ దాటిపోదురు.

అల్లుడు: ఆ మాట బలమైనదే. కానీ సగమే. ఉద్దానం జబ్బు గురించి పేపర్లు రాశాయి, డాక్టర్లు ఊళ్లకొచ్చి పరీక్షలు చేశారు, జనం రోడ్డెక్కారు. అవేవీ లేకుండా ఓటు ఒక్కటే అటూ ఇటూ ఊగితే ఎవడికి అర్థమయ్యేది? మందు ఇచ్చారు, జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఇప్పటికీ తేల్చలేదు. ఓట్లు రాలేది ఆసుపత్రి తెరిచిన రోజున. కారణం వెతికే పనికి ఏ ఓట్లు రాలతాయి? అదే నీ పద్ధతిలో లోపం. ఐదేళ్లలో చూపించగలిగిందే చేస్తారు.

అత్త: మరి బీల సంగతి సెప్పు. నీ మనిసి పెద్ద పని అదే కదా.

అల్లుడు: సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డంపడితే 2010 జూలై 14న కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్లాంటు అనుమతి కొట్టేసింది. తర్వాతి ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. సోంపేటలో ప్లాంటు రాలేదు. ఏ ఎమ్మెల్యే ఆపాడు అత్తా? నీళ్లలో దిగి నిలబడినవాళ్లు ఆపారు.

అత్త: నాను అనేదీ అదే. ఓటుతో ఆగలేదు కదా. మరి ఓటుతో ఆగనిదానికి గుర్తుగా ఓటెందుకు ఏస్తావు?

అల్లుడు: నిలబడినవాళ్లకి కృతజ్ఞత వద్దా?

అత్త: కృతజ్ఞతకి ఓటొక్కటే దారా? 2014 సూడు. కాల్పులు జరిగినపుడు ఉన్నాది కాంగ్రెస్. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ తుడిసిపెట్టుకుపోనాది. ఎందుకు? రాష్ట్రం ముక్కలు సేసినందుకని అందరూ అన్నారు. బీల కోసం, తంపర కోసం కోపంతో ఏసిన ఓట్లు అందులో కలిసిపోనాయి, ఎవుడూ ఏరలేదు. ఓటులో కారణం కనపడదని నువ్వే కదా ఇందాక అన్నావు. నీ ఓటుకీ అంతే.

అల్లుడు: చిన్న పార్టీకి వేస్తే కనపడుతుంది. అందుకే కదా వేస్తానంటున్నాను. ముప్ఫై ఓట్లయినా అవి దేనికి పడ్డాయో ఎవరికీ అనుమానం ఉండదు.

అత్త: సరే. అయితే ఒక మాట. ఏసుకో. ఏసి ఎల్లిపోకు. మార్చి వొచ్చిందంటే జీడిపిక్కల ధర పడగొడతారు. 80 కిలోల బస్తాకి గిట్టుబాటు కావాలని రైతులు రోడ్డు మీద కూకుంటారు. అప్పుడు నీ మనిసి ఎనకాల నువ్వు నిలబడాల. ఓటేసినాను కదా అని హైదరాబాద్‌లో కూకుంటే నీ ఓటు గొప్పేటి?

అల్లుడు: వస్తాను. నీకూ ఒక మాట. నువ్వు లెక్క చూసి వేసేటట్టయితే, వెయ్యడానికి ముందే చెప్పి వెయ్యి. ఇంటికొచ్చిన కార్యకర్తతో అను: మీరంటే ఇష్టమై కాదు, ఫలానా పని కోసం వేస్తున్నాం, చెయ్యకపోతే తీసేస్తాం అని. మీ వరసలో ఉన్న ఆడవాళ్లంతా అదే మాట అంటే ఎవరి పింఛనని ఆపుతారు? నోరు మూసుకుని వేసిన తెలివైన ఓటుకీ తెలివిలేని ఓటుకీ లెక్కలో తేడా ఏముంది?

అత్త: అందరూ కలిసి అంటే అనొచ్చు. ఒక్కద్దానిగా అననేను. మొన్న ఒకడు నోట్ల కవరు పట్టుకొచ్చినపుడు అందామనుకున్నాను. అననేదు.

అల్లుడు: తీసుకున్నావా?

అత్త: తీసుకోలేదంటే వీధిలో నన్నొక్కదాన్నే సూస్తారు. తీసుకున్నాను. దానికీ నా ఓటుకీ సమ్మందం నేదు.

నాకు ఈ ఇద్దరి వాదనలో అన్నిటికన్నా విలువైనది అల్లుడి చివరి షరతు. ఎత్తుగడ ఓటులో నీతి తక్కువని నేను అనుకోను. నచ్చినవాణ్ని దాటిపోయిన ఆమె వేలిలో ఉన్న త్యాగం, నచ్చినవాడికే నొక్కిన అతని వేలిలో లేదు. కానీ ఆ ఓటు బయటికి చెప్పని బేరం. చెప్పని బేరానికి ఎదుటివాడు కట్టుబడడు. ఉద్దానం ఆడవాళ్లు కారణం చెప్పి వేసే రోజు రావాలని నేను బలంగా కోరుకుంటున్నాను. ఒక్కొక్కరుగా చెప్పమని మాత్రం నేను ఎవరినీ అడగలేను.

2024 ఫలితం కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. జూన్ 4న ఏడు అసెంబ్లీ స్థానాలూ తెలుగుదేశానికి వెళ్లాయి. పలాస మళ్లీ మారింది. గౌతు శిరీష గెలిచారు. ఎంపీ మెజారిటీ 6,653 నుంచి మూడు లక్షల ఇరవై ఏడు వేలు దాటింది. ఆ వారం ఎవరెంత లెక్క వేసినా ఫలితం మారేది కాదు. అంత తేడా వస్తుందని పోలింగ్‌కు ముందు ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయారు. ఎత్తుగడ ఎప్పుడూ తెలియనితనంలోనే వెయ్యాలి, అల్లుడు ఎత్తిచూపింది అదే. ఇక పోలింగ్‌కు ముందటి వాళ్ల మాటల్లోకి తిరిగి వెళ్దాం.

అల్లుడు: నీ పద్ధతే కాసేపు తీసుకుందాం. పలాస సంగతి నీకు తెలుసు, ఎంపీ సంగతి తెలియదన్నావు. అలాంటప్పుడు తెల్ల చీటీ దగ్గర నీ లెక్కకి ఆధారం లేదు. అక్కడ నీ మనసుకి నచ్చినవాళ్లకే ఎందుకు వెయ్యవు?

అత్త: పోయినసారి ఆరేలతో తేలినాది కదా. మల్లీ అలాగే తేలితే?

అల్లుడు: తేలొచ్చు. తేలకపోవచ్చు.

అత్త: ఆలోసిస్తాను. నువ్వు గులాబీ చీటీ సంగతి ఆలోసించు. అక్కడ లెక్క నాకు తెలుసు, నా మాట ఇను.

అల్లుడు: వింటాను. మాటివ్వను.

అత్త: సోమారం మీ మావ డయాలసిస్. పోలింగూ ఆ రోజే. ఇంటికొచ్చి ఓటేయించుకునేది ఎనబై అయిదు దాటినోల్లకి, నలబై శాతం పైన వైకల్యం కాయితం ఉన్నోల్లకే అంట. ఆయనకి ఆ కాయితం నేదు. డయాలసిస్ అయిపోయి వొచ్చినాక ఆయన నిలబడలేడు, సాయంత్రం అనుకుంటే కుదరదు. ఏడింటికి తలుపు తీసేసరికి మనం బూతు కాడ ఉండాల. నీ బండి మీద తీసికెల్లు. లైన్లో ముందుకి ఒగ్గమని ఆఫీసరుని నువ్వే అడుగు, నాను అడిగితే ఇనరు. తొమ్మిదికల్లా పలాసలో మిసను మీద ఉండాల ఆయన.